జడ్జిగారికి సాక్షి కావాలి

స్టాన్‌మోర్‌లో ఆ వీధికి పోస్ట్‌మ్యాన్ పదకొండింటికి వస్తాడు. ఇంగ్వార్‌గారు మాత్రం పదింటి నుంచే కర్టెన్ అంచు పట్టుకుని నిలబడతారు. తాటిచెట్టంత మనిషి, నలగని చొక్కా, కాళ్లకు ఉన్ని మేజోళ్లు. గేటు చప్పుడైతే చాలు, ఉత్తరమొచ్చిందేమోనని తలుపు దగ్గరకు పోతారు. స్వీడన్‌లో ఇరవై రెండేళ్లు జడ్జిగా చేశారు, ఆ పైన ఎనిమిదేళ్లు పార్లమెంటు మెంబరు. పరాయివాళ్లు తాము దేశంలోనే ఉంటున్నామని కాగితాలతో రుజువు చేసుకోవాలన్న చట్టానికి అక్కడ ముసాయిదా రాసింది ఆయనే. భార్య పోయాక కూతురి దగ్గరకొచ్చి ఏడేళ్లయింది, బిల్లులన్నీ కూతురి పేరనే. ఇప్పుడు ఇక్కడి బ్రిటిష్ ఇమ్మిగ్రేషన్ ఆఫీసువాళ్లూ అదే రుజువు అడిగారు. లేకపోతే పొమ్మంటారు. పోతే అక్కడ తలుపు తీసే దిక్కు లేదు.

చివరికి పక్కింటి కస్తూరిగారి బెల్లు కొట్టారు. "నన్ను రోజూ చూస్తున్నట్టు రాసిస్తారా?" అని అడిగారు.

"రాయకేం జడ్జిగారూ! మీరు ఏ బుధవారం చెత్త బిన్ బయట పెట్టడం మర్చిపోయారో కూడా చెప్తాను. నా కళ్లకు సెలవెక్కడిదండీ!" అని ఆవిడ కోడలిచేత నాలుగు పేజీలు రాయించింది.

ఆయన గుమ్మంలోనే చదివారు. ఒక్క అబద్ధం లేదు. చివరి పేజీ అయ్యాక మళ్లీ మొదటి పేజీకి తిప్పారు.

"ఏమైందండీ, సరిగ్గా లేదా?"

"బాగుందమ్మా. కోర్టులో ఇలాంటివి నా బల్ల మీదకు వందలొచ్చాయి. ఇరుగుపొరుగు మాట రుజువు కాదని, ఒక్కటీ చివరిదాకా చదవలేదు."