మూడో బావికి పూసిన సబ్బు నురగ

మా నాన్నను గేటు దగ్గర కూర్చోబెట్టారు. ముప్పై ఒక్క ఏళ్లు గ్యాసు బావుల మధ్య తిరిగిన మనిషి ఇప్పుడు వచ్చే పోయే బళ్ల నంబర్లు రాసుకుంటున్నాడు. తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ పాపంలో నా వాటా ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ మండుతుంది.

ఎండా గాలీ దండిగా ఉన్నప్పుడు కరెంటు మిగిలిపోతుంది. మా ప్లాంటులో దానితో నీళ్లను విడగొట్టి హైడ్రోజన్ తీస్తాం. దాన్ని భూమి అడుగున ఉప్పు పొరల్లో తొలిచిన గుహల్లోకి ఎక్కించి, కరెంటు చాలనప్పుడు పైకి తీసి వాడతాం. ఆ గుహలకు దిగే గొట్టాలే బావులు. వాటి జాయింట్లు చూడటం నాన్న పని. నాది కంట్రోల్ రూమ్‌లో తెర ముందు కూర్చునే ఉద్యోగం.

నాన్న సరంజామా అంతా ఒక సత్తు గ్లాసు, అందులో సబ్బు నురగ, ఒక పాత షేవింగ్ బ్రష్షు. ప్రతి బోల్టుకూ నురగ పూస్తాడు. బుడగ లేచిందంటే లీకు. "బాబాయ్, బావికి గడ్డం గీయడం అయిందా?" అని అందరూ ఆటపట్టించేవారు.

ఒక సోమవారం మూడో బావి దగ్గర బుడగలు లేచాయి. శుక్రవారం ఆ బావి ప్రారంభోత్సవం, ఆ రోజుకు దాని కింది గుహ నిండి ఉండాలి. మేనేజరు విసుక్కుంటూ వెళ్లి, ముక్కు ఎగబీల్చి, నాన్నతో పాటు కంట్రోల్ రూమ్‌కు వచ్చాడు. వంటగ్యాసు డిపోలో ఇరవై ఏళ్లు చేసిన మనిషి, ఆయన నమ్మకమంతా ముక్కు మీదే.

"వాసనేం లేదే!"

"దీనికి వాసనుండదు సార్. పగలు మంట కూడా కనపడదు," అన్నాడు నాన్న.

"మరి లీకైతే అలారం మోగాలిగా?" మేనేజరు నా వైపు తిరిగాడు. "మోగిందామ్మా?"

"లేదు సార్," అన్నాను.

ఎలా మోగుతుంది? చినుకు పడితే చాలు ఊరికే కూస్తోందని, వారం కిందట దాన్ని ఆపేసింది నేనే. ఆ మాట దాచి, తెర వైపు తిరిగాను.

అంతా బాగుందని రిజిస్టరులో సంతకం పెట్టనన్నాడు నాన్న. మర్నాడు గేటుకు పంపారు.

అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, సాయంత్రం ఇంట్లో ఆయన మీదే విరుచుకుపడ్డాను. "ఒక్క సంతకం పెడితే నీ సొమ్మేం పోయింది నాన్నా?"

"ఆ బావి పక్క షెడ్డులో పదకొండు మంది పనిచేస్తున్నారు. రేపేదైనా అయితే వాళ్ల ఇళ్లకి నువ్వెళ్లి చెప్తావా?"

బుధవారం డ్యూటీ ఎక్కగానే అలారం ఆన్ చేశాను. గదంతా అదిరేలా కూసింది. బయట ఒక్క చినుకు లేదు. మీట నొక్కి మూడో బావి మూసేశాను, షెడ్డు ఖాళీ చేయించాను. పరుగెత్తుకొచ్చిన మేనేజరుకు అలారాన్ని ఎవరు, ఎందుకు ఆపారో చెప్పాను.

జాయింటు మార్చారు. శుక్రవారం దండలు వేసుకున్నారు. నేను చెప్పింది మేనేజరు బయటికి రానివ్వలేదు. సకాలంలో ప్రమాదం పసిగట్టాడని మేనేజరుకు చప్పట్లు కొట్టారు. పసిగట్టాడట! ఆ ముక్కుతో! సంతకం పెట్టని నాన్న మాత్రం గేటు దగ్గరే ఉండిపోయాడు.

ఇంట్లో ఆయనకు నిజం చెప్పాను. మర్నాడు పొద్దున గేటు దగ్గర నన్ను ఆపి సత్తు గ్లాసు, బ్రష్షు ఇచ్చాడు.

"డ్యూటీ ఎక్కే ముందు బావులన్నీ చూసి వెళ్లు. అలారం ఆపిన చేత్తోనే పూయి."