గృహప్రతిష్ఠకు నేనిచ్చిన పటం

పోయిన శనివారం మా వదిన, అంటే మా ఆవిడ అక్కగారు, సిడ్నీ శివార్లలో ఎడ్మండ్‌సన్ పార్క్ అనేచోట ఉన్న కూతురింటికి మారిపోతూ, పాత దుప్పటిలో చుట్టిన పటం ఒకటి తెచ్చి మా ఇంట్లో దించింది. విప్పకుండానే అదేమిటో నాకు తెలుసు, ఎందుకంటే దాన్ని కొన్నది నేనే, అదీ ఆవిడ భర్త మీద కక్షతో.

రెండువేల సంవత్సరం రాకముందు, ఆ వైటూకే హడావిడిలో, కంప్యూటరు మొహం చూసినవాడల్లా విమానమెక్కిన ఆ రోజుల్లో, మా తోడల్లుడే నన్ను సిడ్నీ రప్పించి తన ఆఫీసులో వేయించాడు, కాదనను. ఒకరోజు తేదీలు సరిచేసిన ప్రోగ్రాం ఒకటి పరీక్షలు పూర్తికాకుండానే పంపించెయ్యమన్నాడు. అన్నయ్య వరసైనవాడిని ఆ మాట మెయిల్లో రాసివ్వమని అడిగితే ఏం బాగుంటుందని ఊరుకున్నాను, మీరైనా అంతే చేసి ఉండేవారు. అది కాస్తా బెడిసికొట్టి, మేనేజరు అందరి ముందు నిలదీస్తే, ఆ మహానుభావుడు నా వైపైనా చూడకుండా "ఐ నెవర్ టోల్డ్ హిమ్" అనేశాడు. నా ఉద్యోగం ఊడింది, వీసా గడువు నెత్తి మీద కూర్చుంది, మా ఆవిడకేమో ఆరో నెల.

ఇంట్లో ఉండలేక, టికెట్టు అక్కర్లేని ఆర్ట్ గ్యాలరీలో తిరుగుతుంటే, వందల ఏళ్ళ కిందట ఇటలీలో ఎవరో వేసిన పేతురు కనిపించాడు, గురువైన యేసును ఎరగనని బొంకి, కోడి కూశాక ఏడుస్తున్న పేతురు. చుట్టూ కటిక చీకటి, వెలుగంతా ఆ ముసలి మొహం మీదే. ఎర్రబడ్డ కళ్ళు, ఉబ్బిన మెడ నరాలు, ఎక్కిళ్ళకు సగం తెరుచుకున్న నోరు. మా ఊరి చర్చి పటాల్లో అందరూ అప్పుడే స్నానం చేసొచ్చినట్టు ప్రశాంతంగా ఉండేవారు. ఏడుపును ఇంత ఏడుపుగా వేస్తారని అప్పటిదాకా నాకు తెలియదు. జాలి మాత్రం కలగలేదు. మా వాడూ ఇలా ఏడవాలి, నేను చూడాలి, అనిపించింది.

దాని కాపీ కొని, వేరే ఉద్యోగం దొరికాక ఫ్రేము కట్టించి, వాళ్ళ కొత్తింటి ప్రతిష్ఠ ప్రార్థనకు పట్టుకెళ్ళాను. పాస్టరుగారు మెచ్చుకుని హాల్లోనే తగిలించారు. ఆ తరువాత ఇరవై ఏళ్ళు, ప్రతి క్రిస్మసుకీ దాని కింద కూర్చున్న ఆయన మొహంలోకి చూస్తూ బిరియానీ తిన్నాను. ఒక్క నరం కదిలితే ఒట్టు. పైగా వచ్చినవాళ్ళందరికీ మా తమ్ముడిచ్చాడని గొప్పగా చూపించేవాడు. దున్నపోతు మీద వాన అనుకుని ఇంకా మండిపోయేవాణ్ణి.

ఆయన పోయి మూడు నెలలైంది. పటాన్ని గోడకు ఆనించి వదిన అంది:

"మీకే ఇవ్వమన్నారు మరిదిగారూ. మీరు ఎందుకిచ్చారో తనకు మొదటి రోజే తెలిసిందని చెప్పమన్నారు. మేం లేవకముందే దీని ముందు కూర్చుని ఏడ్చేవారు, ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు."

అంటే ఏడ్చాడన్నమాట, నాకు కనబడకుండా ఏడ్చాడు. ఆ ఒక్కటీ నాకు దక్కనివ్వలేదు, దొంగ. మా పిల్లలు గిట్టనివాళ్ళను ఫోన్లో బ్లాక్ చేసి హాయిగా నిద్రపోతారు. మనం అలా కాదు కదా, పగ పెట్టుకుని కూడా పండక్కి ఆ ఇంటికే వెళ్ళి, ఆ చేతి వడ్డనే తిని వచ్చినవాళ్ళం. నా కోపం ఇంకా అలాగే ఉంది, ఎదురుగా కూర్చుని చూడ్డానికి మనిషే లేడు.