వండని ఒడిబియ్యం

పోయిన నెల ఒక సోమవారం పొద్దున, దేవుడి దగ్గర దీపం వెలిగిస్తుండగా ఫోన్ వచ్చింది. మణికొండలో మేము ఆరేళ్లు అద్దెకున్న ఇంటి ఓనరమ్మ కాలం చేశారని ఆమె కోడలు చెప్పింది. దేవుణ్ణి ఏం అడగాలో తోచలేదు.

మాది కర్నూలు దగ్గర పల్లె. మా వైపు వరద వచ్చిన ఏడు మా చెల్లెలి ఇల్లు కూలిపోయింది. ఆమెకు తిండి పెట్టే కుట్టుమిషను బురదలో కూరుకుపోయింది. భర్తనూ పిల్లలనూ తీసుకుని నా దగ్గరికి వచ్చింది. అప్పటికే ఓనరమ్మ వరద బాధితుల కోసం వీధిలో బట్టలూ గిన్నెలూ పోగుచేస్తున్నారు. ఎవరైనా చిరిగిన చీర ఇస్తే అక్కడే తిరిగి ఇచ్చేసేవారు.

"ఇది కట్టుకొని నువ్వు పెండ్లికి పోతవా? పోనప్పుడు ఆమె ఎందుకు కట్టాలె?" అని నవ్వేవారు. వాళ్లు సిగ్గుపడి బీరువా తెరిచేవారు.

ఆ మూటలోంచి ఒక చీర తీసుకోమంటే మా చెల్లెలు ముట్టుకోలేదు. "అడుక్కునేదానికి వచ్చినామా అక్కా?" అంది. నా ఇంట్లో అన్నం కూడా సగం కడుపుకే తినేది. ఇలా ఎన్నాళ్లని నాకు దిగులు పట్టుకుంది.

ఓనరమ్మ బలవంతపెట్టలేదు. మంచి రోజు చూసి చెల్లెల్ని కిందికి పిలిచారు. పీట మీద కూర్చోబెట్టి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒళ్లో పోశారు. ఎండుకొబ్బరి కుడుకలూ ఎండు ఖర్జూరాలూ వేశారు. ఒడిబియ్యం పుట్టింటివాళ్లు ఆడబిడ్డకు పోసేవి. మా అమ్మ ఎప్పుడో పోయింది. చెల్లెలు కాదనలేకపోయింది. ఆనవాయితీగా ఓనరమ్మ ఆ ఒళ్లోంచే ఒక పిడికెడు తీసుకుని తమ బియ్యం డబ్బాలో కలుపుకున్నారు.

"ఇవి ఒక్కదానివే తినద్దు బిడ్డా. వండి నలుగుర్ని పిలువాలె. మొదాలు నన్నే పిలువు" అన్నారు.

ఆ ఆదివారం చెల్లెలు ఆ బియ్యం వండి వీధి వీధినంతా పిలిచింది. కొంగు దోపుకుని తానే వడ్డించింది. వచ్చిన ఇన్నాళ్లకు దాని గొంతు పైకి లేచింది. ఓనరమ్మ మారు అడిగి మరీ వేయించుకున్నారు. ఆ తర్వాత వీధివాళ్లు ఇచ్చిన గిన్నెలూ, ఒక పాత కుట్టుమిషనూ తీసుకుని చెల్లెలు తల ఎత్తుకునే ఊరికి వెళ్లింది.

రెండేళ్లకు నాకూ ఒడిబియ్యం పోశారు. అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరుమీద ఉంది. ఎప్పుడు చూసినా బంద్‌లు. ఆమె కొడుకు ధర్నాలకు వెళ్లేవాడు. "మా తెలంగాణ మాకు రావాలె" అని ఆమె నా మొహం మీదే అనేవారు, వెంటనే తిన్నావా అని అడిగేవారు. వీధిలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అయినా టీవీ చూసి భయపడి, పట్టపగలే గేటుకు గొళ్లెం పెట్టేదాన్ని.

"మా పిలగాడు కొట్లాడేది నీతోనా? గొళ్లెం పెడితే వచ్చేటోళ్లు ఎట్ల వస్తరు బిడ్డా?" అన్నారొకసారి.

పిలిస్తే ఎవరూ రాకపోతే? ఆ భయంతో నా ఒడిబియ్యం వండకుండా డబ్బాలో పోసి ఉంచాను. పిల్లల చదువులని అబద్ధం చెప్పి ప్రగతి నగర్‌కు మారిపోయాము. ఆమె బొట్టు పెట్టి పంపారు. ఏమీ అడగలేదు. మళ్లీ ఆ గడప తొక్కడానికి నాకు మొహం చెల్లలేదు.

కడసారి చూపుకు వెళితే కోడలు పక్కకు పిలిచి చెప్పింది. "దవాఖానల గూడ అడిగింది అత్తమ్మ. ఆ కర్నూలు బిడ్డ ఒడిబియ్యం వండలేదా, నన్ను పిలువలేదేంది అని."

దినాలు అయ్యాక మణికొండలో ఆ వీధిలో ఇంటింటికీ వెళ్లి మా ఇంటికి భోజనానికి పిలిచాను. వస్తామన్నారు. ఎందరు వస్తారో తెలియదు. ఈ పొద్దున డబ్బా మూత తీస్తే ఇన్నేళ్ల ఆ ఒడిబియ్యం పురుగు పట్టి ఉన్నాయి. చాటలో పోసుకుని ఒక్కొక్క గింజా చూసి ఏరాను. కొత్త బియ్యం కొన్ని కలిపాను. వేళ్లకు ఇంకా ఆ పసుపు అంటుతూనే ఉంది. పొయ్యి మీద ఎసరు కాగుతోంది.

గేటు బార్లా తీసి పెట్టాను.