మెషిన్‌కు బొట్టు పెట్టిన రోజు

తొంభైల మొదట్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. నోరు మాత్రం నలభై ఏళ్ళదని మా అమ్మ అనేది. వాషింగ్ మెషిన్లు అమ్మే షోరూమ్‌లో డెమో అమ్మాయిని. మెషిన్ కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళి, ఏ బటన్ ఎందుకో చెప్పి, ఒక విడత బట్టలు ఉతికి చూపించి రావడం నా పని. ఎర్రగడ్డలో అద్దె గది. పొద్దున్నే బస్సెక్కి, దిగిన చోటి నుంచి జూబ్లీహిల్స్ ఎత్తులన్నీ చెప్పులరిగేలా ఎక్కేదాన్ని. ఏ ఇంట్లోనూ యజమానురాలు మెషిన్ దగ్గరకు వచ్చేది కాదు. పనిమనిషిని తెచ్చి నిలబెట్టి, "దీనికి చెప్పమ్మా" అని లోపలికి వెళ్ళిపోయేది. నాకు ఒళ్ళు మండేది.

మా మేనేజర్ మాకు ఒక సూత్రం నేర్పాడు. ఇంగ్లీషు రానివాళ్ళకు పేర్లు చెప్పొద్దు, లెక్క చెప్పండి. రెండుసార్లు నొక్కితే మామూలు బట్టలు, మూడుసార్లు నొక్కితే పట్టుబట్టలు, అంతే. నేను ఆ సూత్రాన్ని చిలకలా వల్లించేదాన్ని. పైగా ఎంత తేలిగ్గా చెప్పేస్తున్నానో అని నా భుజం నేనే తట్టుకునేదాన్ని.

ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా కంపెనీ బట్టల గోడౌన్‌కు మెషిన్ వెళ్ళింది. అక్కడి కాస్ట్యూమర్ గారు మద్రాసు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. తెల్ల లాల్చీ, భుజాన ఆకుపచ్చ పట్టు కండువా, మెడలో టేపు, మాటకు ముందు కేక. ఆయన దగ్గర బట్టలుతికే ఆవిడకు యాభై దాటి ఉంటాయి. నేను పెద్దమ్మా అనేదాన్ని. పదిహేనేళ్ళుగా సబ్బులో నాని వేళ్ళన్నీ పగుళ్ళు. కానీ సినిమా బట్టలంటే ఆవిడకు తెలియనిది లేదు. పాట సగం ఇవాళ, సగం రేపు తీస్తే, బట్టలు ఇవాళ ఎలా ఉన్నాయో రేపూ అలాగే కనిపించాలి. దాన్ని కంటిన్యుటీ అంటారు. ఏ చొక్కాకు ఏ గుండీ ఊడి ఉండాలో, ఏ పంచెకు మట్టి మరక పోకూడదో ఆవిడ బుర్రలో అచ్చేసినట్టు ఉండేది.

మెషిన్ పైన ఎనిమిది చిన్న ఎర్ర దీపాలు వరసగా కిందికి ఉంటాయి. ఒక్కో దీపం ఒక్కో రకం ఉతుకు. పక్కన చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. కింద ఒకే ఒక్క బటన్. నొక్కినప్పుడల్లా దీపం ఒక మెట్టు దిగుతుంది. అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన మెషిన్ కదా, మొదటి దీపం వెలిగింది. మూడుసార్లు నొక్కి చూపించాను. నాలుగో దీపం వెలిగింది. చన్నీళ్ళు, మెత్తటి ఉతుకు. "పట్టుకైనా, రంగుబట్టకైనా మూడే, పెద్దమ్మా. మర్చిపోకు" అని చెప్పి వచ్చేశాను.

రెండో రోజే షోరూమ్‌కు ఫోను. అవతల కాస్ట్యూమర్ గారి కేక మా మేనేజర్ చెవిలోంచి నా చెవిలోకి వినిపించింది. డాన్సు పిల్లల పసుపు లంగాలు పన్నెండూ వేడినీళ్ళలో ఉడికిపోయాయట. మూరెడు పొట్టివయ్యాయి, పసుపు కాస్తా పాలిపోయింది. పాట ఇంకా సగం మిగిలే ఉంది.

పరుగెత్తాను. కాస్ట్యూమర్ గారు తీగ మీద ఆరేసిన లంగాల ముందు నిలబడి ఊగిపోతున్నారు. "మొదటి చరణంలో పసుపు, రెండో చరణంలో వెలిసిన సున్నం! చూసేవాళ్ళు నవ్వరూ? రేపు పొద్దున్నే మీ కంపెనీ ఇంజనీరు వస్తున్నాడు. తప్పు మెషిన్‌దైతే పట్టుకుపోండి. మనిషిదైతే ఈవిడకు రేపటితో సరి. మా బావమరిది ఇంటర్ చదివాడు, బటన్లు వాడు నొక్కుతాడు."

పెద్దమ్మ తలవంచుకుని నిలబడింది. నేనేం చేశాను? ఓదార్చానా? సిగ్గులేకుండా ఆవిడ మీదే విరుచుకుపడ్డాను. "మూడుసార్లేనని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదా, పెద్దమ్మా! ఎన్నిసార్లు నొక్కావు?"

"మూడుసార్లే నొక్కిన బిడ్డా. మా అమ్మతోడు. కావాలంటే సూడు."

స్విచ్ వేసి, గట్టిగా లెక్కబెడుతూ మూడుసార్లు నొక్కింది. రెండో దీపం వెలిగింది. నాలుగోది వెలగాలి కదా! ఆపేసి మళ్ళీ వేసి నొక్కింది. ఈసారి అయిదోది. నేను మెషిన్‌తో వచ్చిన పుస్తకం తిరగేశాను. ఆవిడ మాత్రం దీపాల వైపు కళ్ళు చికిలించి చూస్తూ నిలబడింది. కాసేపటికి చిన్నగా నవ్వింది.

"ఓ యమ్మో! గిది గూడ కంటిన్యుటీ పెడుతుంది బిడ్డా. నిన్న ఏడ ఆపినమో ఆడికెల్లే షురూ జేస్తుంది. మనం మొదటికెల్లి లెక్కబెడుతున్నం."

ఛ! ఆ క్షణంలో నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది. నేను డెమో చేసే మెషిన్లన్నీ కొత్తవే. కొత్తది ఎప్పుడూ మొదటి దీపంతోనే మొదలవుతుంది. రెండో రోజు ఏ ఇంట్లో ఏం జరుగుతుందో ఒక్కసారైనా చూశానా? ఎంతమంది పనివాళ్ళు నా లెక్క నమ్మి తిట్లు తిన్నారో! పెద్దమ్మ చేతులు పట్టుకుని "తప్పు నాదే, నన్ను క్షమించు" అన్నాను.

"క్షమించుడు తర్వాత. జర ఉపాయం చెప్పు. రేపు పొద్దుగాల్నే వస్తడట గాయన."

ఇద్దరం మెషిన్ ముందు కూలబడ్డాం. లెక్క పనికిరాదు. అక్షరాలు ఆవిడకు రావు. వెలిగే దీపం ఏదో తెలిస్తే చాలు. ఆవిడ లేచి వెళ్ళి డాన్సు పిల్లల పెట్టెలోంచి బొట్టుబిళ్ళల అట్ట తెచ్చింది. నాలుగో దీపం పక్కన చిన్న ఎర్రబిళ్ళ అంటించింది. "గిది పట్టుకు." మేకప్ తువ్వాళ్ళకు వేడినీళ్ళు కావాలి, అక్కడ రూపాయంత నీలం బిళ్ళ. ఉత్తగా నీళ్ళు పిండడానికి నల్లచుక్క. ఎన్నిసార్లు నొక్కామన్నది వదిలేసి, కావలసిన బొట్టు పక్కన దీపం వచ్చేదాకా నొక్కడమే. అబ్బ, ఎంత తేలిక! నేను పదిసార్లు తప్పు దీపం మీద పెట్టి ఆపాను. పదిసార్లూ ఆవిడ సరైన చోటికే తెచ్చింది.

మర్నాడు ఇంజనీరు వచ్చాడు. టై కట్టుకున్నాడు. మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగి, "మెషిన్ పర్ఫెక్టండీ. యూజర్ మిస్టేక్" అని తేల్చేశాడు.

"అంటే మనిషిదే తప్పన్నమాట" అన్నారు కాస్ట్యూమర్ గారు.

నేనిక ఆగలేదు. "తప్పు నేను చెప్పిన లెక్కదండీ. మీకు నమ్మకం లేకపోతే మీ ఇష్టం వచ్చినన్నిసార్లు నొక్కి లెక్క చెడగొట్టండి. తర్వాత మా పెద్దమ్మను నొక్కనివ్వండి. ఉతకడానికి మీ ఒంటి మీది పట్టు కండువా ఇవ్వండి" అన్నాను. ఆ కండువా ఆయన ప్రాణం, ఏదో సినిమా వంద రోజుల పండగలో ఆయనకు కప్పినది.

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. పట్టుదల మనిషి కదా, కండువా తీసి ఇచ్చారు. ఇంజనీరు చేత బటన్ టకటకా నొక్కించారు. పెద్దమ్మ కొంగు దోపుకుని వచ్చింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఎర్రబొట్టు పక్కన దీపం వెలిగింది. చెయ్యి తీసేసింది.

కండువా తిరిగినంతసేపూ ఆయన మెషిన్ చుట్టూనే తిరిగారు. బయటికి తీస్తే జరీ జరీలాగే, ఆకుపచ్చ ఆకుపచ్చలాగే ఉంది. కాస్ట్యూమర్ గారు దాన్ని వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూశారు. "మా బావమరిదిని రావద్దని చెప్పాలి" అని గొణిగారు. నేను చప్పట్లు కొట్టాను. నిజంగానే, చిన్నపిల్లలా ఎగిరి కొట్టాను!

అప్పుడు ఇంజనీరు వంగి ఆ బొట్లను చూశాడు. చాలాసేపు చూశాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, "ఇది ఎవరు డిజైన్ చేశారు?" అని నన్ను అడిగాడు. పెద్దమ్మ వైపు చూపించాను. ఆయన స్టూలు లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు.

"రాసుకో సారూ" అంది పెద్దమ్మ. "ముందుగాల, నిన్నటి కాడికెల్లి కాదు, రోజూ మొదటికెల్లే షురూ కావాలె."

ఏడాదికి కొత్త మోడల్ వచ్చింది. స్విచ్ వేస్తే ఎప్పుడూ మొదటి దీపమే. ప్రతి దీపం పక్కనా ఒక్కో రంగు చుక్క. పెద్దమ్మను ఆటోలో షోరూమ్‌కు తీసుకెళ్ళాను. పండక్కి కట్టే చీర కట్టుకొచ్చింది. కొత్తగా చేరిన సేల్స్‌మన్ ఎదురొచ్చి, "అమ్మా, దీని మీద ఇంగ్లీషులో ఉంటుంది. మీకు చదవడం వచ్చా?" అన్నాడు.

పెద్దమ్మ ఎర్రచుక్క మీద వేలు పెట్టింది.

"నాకు రాదు బిడ్డా. నేను బొట్టు పెట్టి దీనికే నేర్పిన."