రెండో రోజు పండగ

మా అక్క చచ్చిపోయింది. ఈ డిసెంబరు మొదటి వారంలో, బందరులో తన ఇంట్లోనే, పొద్దున్నే కాఫీ తాగి గ్లాసు కింద పెట్టబోతూ పోయింది. చర్చి సంఘంవాళ్ళు వేయించిన ఫ్లెక్సీలో ‘ప్రభువునందు నిద్రించారు’ అని ఉంది. వీధి చివర కట్టిన ఇంకోదాంట్లో ‘మహిమలో ప్రవేశించారు’ అని ఉంది. నిద్రపోయిందో ప్రవేశించిందో ముందు వాళ్ళు తేల్చుకోవాలి. నేను మాత్రం చచ్చిపోయిందనే రాస్తాను. ఆ మాట నాకు నేర్పింది ఆవిడే. మా చిన్నప్పుడు అమ్మ పోతే, చుట్టాలందరూ నాతో అమ్మ ఊరెళ్ళిందని చెబుతుంటే, అక్క వచ్చి, “అమ్మ చచ్చిపోయిందిరా. ఇంక రాదు. రా, అన్నం తిందువుగాని,” అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

మా మేనకోడలు గుడివాడలో ఉన్న నాకు ఫోన్ చేసి, “మావయ్యా, అమ్మ...” అని ఆగిపోయింది. నేను బస్సెక్కాను. ఆ ఇంటి గడప తొక్కి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను, చెప్పాల్సిన మంచి చాలానే ఉంది. మిగతాది కూడా చెబుతాను.

అక్క స్కూల్లో టీచరు. పెళ్ళయ్యాక నన్నూ తన దగ్గరే ఉంచుకుంది. సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడు కూరగాయల సంచిలో వంకాయల కింద స్కూలు లైబ్రరీ పుస్తకాలు తెచ్చేది. నేను చదివిన ప్రతి పుస్తకానికీ వంకాయ తొడిమ ముల్లు గుచ్చుకున్న గుర్తు ఒకటి ఉండేది. “చదువు. నమ్మాల్సిన పని లేదు, చదువు చాలు,” అనేది. అలా చదివి చదివి నేను దేవుడి దగ్గర కూడా ఆగకుండా దాటిపోయాను. దానికీ ఆవిడ కంగారుపడలేదు. “వాడు ప్రార్థన చెయ్యకపోతే ఏం, అరిసెలు తింటాడుగా,” అంది బావతో.

మా ఇంట్లో క్రిస్మస్ అరిసెల బియ్యం నానబోసిన రోజున మొదలయ్యేది. బావ వెదురు బద్దలు చీల్చి నక్షత్రం కట్టేవాడు. పండగకి ముందే చర్చిలో చేసే సెమీ క్రిస్మస్ అయ్యాక సాయంత్రాలు కేరల్స్‌వాళ్ళు డోలక్ మోగిస్తూ క్రిస్మస్ పాటలు పాడుకుంటూ వచ్చేవాళ్ళు. వాళ్ళలో క్రిస్మస్ తాత వేషం వేసినవాడి ముసుగు తీయించి మొహం కడిగించి గాని అక్క వాడికి టీ ఇచ్చేది కాదు. పండగ రోజు ఆరాధన అయ్యాక కొత్త బట్టలు నలగక ముందే చుట్టుపక్కల ప్రతి ఇంటికీ పళ్ళెం వెళ్ళాలి. అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు, పైన కడిగి ఆరబెట్టిన గుడ్డ. మిగిలినవి మాకు. మేము అలిగితే ఆవిడ అనే మాట ఒకటే: “పండగంటే మనం తినేది కాదర్రా, మన పళ్ళెం తిరిగేది.”

ఆ ఇంట్లోకి మా ఆవిడను తీసుకొచ్చాను. ఆమెది గిలకలదిండి. సముద్రం మీద బతికే హిందూ కుటుంబం. నేను పాఠాలు చెప్పే కాలేజీ ఆఫీసులో టైపిస్టు. మేము రిజిస్టరు పెళ్ళి చేసుకున్నందుకు వాళ్ళ నాన్న చనిపోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. మా సంఘంవాళ్ళు మాట్లాడారు గాని ఒకటే మాట మాట్లాడారు: బాప్తిస్మం ఎప్పుడు?

మొదటి క్రిస్మస్‌కి మా ఆవిడ పాకం చూసుకోలేదు. అరిసెలన్నీ నూనెలో విడిపోయాయి. అక్క మూకుడులోకి తొంగిచూసి, “పర్లేదులే అమ్మాయ్, మీ తమ్ముడికి ఎరకి పనికొస్తాయి,” అంది.

“మా చేపలు ఇంత తీపి తినవండీ వదినగారూ. వాటికి షుగరొస్తుంది,” అంది మా ఆవిడ.

అక్క గరిటె కింద పెట్టి నవ్వింది. పిండి చేతులతోనే ఆమె బుగ్గ గిల్లింది. వాళ్ళిద్దరూ ఆ రోజు నుంచి ఒక పార్టీ, నేనూ బావా ఇంకో పార్టీ.

పండగ మర్నాడు మాంసం తిని తిని అందరికీ మొహం మొత్తి ఉండేది. మా ఆవిడ తమ్ముడు సైకిల్ మీద పండుగప్ప చేప తెచ్చి గేటు దగ్గర ఇచ్చి వెళ్ళిపోయేవాడు. మా ఇళ్ళల్లో మంచినీళ్ళు కూడా ముట్టకూడదని చెప్పి పెంచిన ఇంటినుంచి వచ్చాడు. తన అక్కని చూడ్డానికి రావడమే అతనికి పెద్ద తెగింపు. ఒక ఏడాది మా అక్క గేటు దాకా వెళ్ళి సైకిల్ హ్యాండిల్ పట్టుకుంది.

“ఏమయ్యా, చేప మీది. పులుసు పెట్టేది మీ అక్క. మాదల్లా పళ్ళెం ఒక్కటేగా? అరిటాకు వేస్తాలే, దిగు.”

అతను సైకిల్ చక్రం వైపు చూసి, నవ్వి, దిగాడు. మట్టి దాకలో పెట్టిన పులుసు, వేడి అన్నం, అరిటాకు. ఆ మరుసటి ఏడాది అరిటాకు కూడా అడగలేదు. రెండో రోజు పండగ అలా మొదలైంది. మొదటి రోజు పండగ ఊరందరికీ ఉంది. రెండోది మా ఒక్క ఇంటిదే.

మా ఆవిడ బాప్తిస్మం తీసుకోలేదు. చర్చికి వచ్చేది, పాటలు నాకన్నా బాగా పాడేది, ఇంట్లో అమ్మవారి పటానికీ దీపం పెట్టేది. “ఒకరి కోసం ఒకర్ని వదిలెయ్యమంటే నాకు చేతకాదండీ,” అనేది. డిసెంబరు వచ్చిందంటే సంఘపెద్దలు ఆ మాట ఎత్తేవాళ్ళు. అక్క స్త్రీల సమాజానికి పెద్ద. ఆవిడ మాటకి విలువుండేది. “మా మరదలి సంగతి నాకొదిలెయ్యండి. దాన్ని కొత్తగా ముంచేదేంటి, సముద్రంలోంచే వచ్చింది,” అని పెద్దల నోరు మూయించేది. ఆ ధైర్యం చూసి నేను గర్వపడేవాణ్ణి. ఎన్నో పుస్తకాలు చదివినవాణ్ణి, నోటిమాటకీ నిలబడే మాటకీ తేడా ఉంటుందని తెలియాల్సింది.

బావ పోయినప్పుడు సమాధుల తోటలో ఆయన్ని పెట్టాక, అక్క మా ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనున్న ఖాళీ చూపించింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది, అయినా హాస్యం పోలేదు. “ఇదిగో అమ్మాయ్, ఇక్కడ నేను. నా పక్కన నువ్వు. వాణ్ణి ఆ చివర ఎక్కడో పెట్టమందాం. చచ్చాకైనా వాడి ఉపన్యాసాలు మనకొద్దు.” మా ఆవిడ నవ్విందీ, ఏడ్చిందీ. ఇంటికొచ్చాక నాతో, “మీ వైపు నాకు చోటుందండీ,” అంది. పుట్టింటివాళ్ళు తలుపేసిన మనిషి ఆ మాట ఎలా అని ఉంటుందో మీరు ఊహించుకోండి.

ఆమె ఒక నవంబరులో గుండె ఆగి పోయింది. గుడివాడ నుంచి నేరుగా బందరుకు, అక్క ఇంటికి తీసుకొచ్చాను. నాకు వేరే ఆలోచనే రాలేదు. వరండాలో మా ఆవిడ, ముందు గదిలో కుర్చీల్లో పెద్దలు. వాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకుని అడిగాడు.

“అమ్మా, మీరు పెద్దవారు. మీకు తెలియంది కాదు. ఆమెకి బాప్తిస్మం అయిందాండి? కాకపోతే మన తోటలో చోటివ్వడం కుదరదు.”

నేను అక్క వైపు చూశాను. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్నకి ఆవిడ దగ్గర రకరకాల జవాబులుండేవి. ఆ రోజు నేల వైపు చూసి, “లేదండి,” అంది. లోపలికి వెళ్ళింది. కాసేపటికి అందరికీ టీలు తెచ్చింది.

అది అబద్ధం కాదు. అబద్ధం చెప్పి మోసం చేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను, వాళ్ళని మర్చిపోవడం తేలిక. ఈవిడ నిజం చెప్పి చేసింది. ఆ పెద్దల మీద నాకు పెద్ద కోపం లేదు. గేటు దగ్గర కాపలా ఉన్నవాడు ఆపుతాడు, అది వాడి పని. ఇంట్లోంచి చేయందిస్తానన్న మనిషి చెయ్యి వెనక్కి తీసుకుంటే ఏమనాలో నేను చదివినవాటిలో ఎక్కడా లేదు.

మా బావమరిది ముందుకొచ్చి, “బావా, అక్కని మేము తీసుకెళ్తాం,” అన్నాడు. ఏళ్ళ తరబడి తలుపేసిన ఇల్లు ఆ రోజు తలుపు తీసింది. గిలకలదిండిలో దహనం చేశారు. అస్థికలు పాలకాయతిప్ప దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసేచోట కలిపాం. అక్క రాలేదు.

ఆ డిసెంబరులోనే ఆ ఇంట్లో నక్షత్రం వెలిగింది. కేరల్స్‌వాళ్ళకి టీలు ఇచ్చారట. పండగ రోజు అక్క ఫోన్ చేసింది. “ఒరేయ్, రేపు రెండో రోజుకి రారా.” “పులుసు ఎవరు పెడతారు?” అన్నాను. ఫోన్ పెట్టేశాను. తర్వాత ఏటా పండగ ముందు మేనకోడలి చేత అరిసెల డబ్బా పంపేది. నేను కింద వాటాలో ఉన్నవాళ్ళకి ఇచ్చేసేవాణ్ణి. పండగంటే పళ్ళెం తిరగడమేగా! పుస్తకాలు మనకి ద్రోహం చెయ్యవంటారు, వాటి మధ్యే గడిపాను. అదీ నిజం కాదు. కళ్ళు మసకేశాక అవీ చేస్తాయి.

ఇప్పుడు బందరు వెళ్ళేసరికి, అక్క ఇంట్లో వరండా మెట్ల మీద మా బావమరిది కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసింది. మేనకోడలి పిల్లలు అతని ఒళ్ళో వాలి ఏడుస్తున్నారు. “తాతయ్యా” అంటున్నారు. నన్ను ఎవరో పెద్దాయన్ని చూసినట్టు చూశారు. నాకు అర్థం కాలేదు. మేనకోడల్ని అడిగాను.

“నీకు తెలీదా మావయ్యా? అమ్మ ఏటా రెండో రోజు గిలకలదిండి వెళ్ళేదిగా. మేమూ వెళ్ళేవాళ్ళం. అక్కడే భోజనం.”

“ఎప్పట్నుంచి?”

“అత్తయ్య పోయిన ఏటి నుంచే. నువ్వు ఫోన్ పెట్టేశావు చూడూ, ఆ మర్నాడే ఆటో పిలిపించుకుంది.”

బావమరిదిని పక్కకి పిలిచాను. ఎందుకు చెప్పలేదని అడిగాను. అతను తుండుతో మొహం తుడుచుకున్నాడు.

“మొదటేడు గుమ్మంలోనే నించున్నారు బావా. లోపలికి రమ్మంటే రారు. ‘మీ అక్కకి చోటిస్తానని చెప్పి ఇవ్వలేకపోయానయ్యా, నాకు భయమేసింది’ అన్నారు. మాయావిడే చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చింది.”

“అది నాకు చెప్పాలి కదరా. నాకు కదా చెప్పాల్సింది?”

“నేనూ అదే అన్నా. వద్దన్నారు. ‘వాడికి తెలిస్తే క్షమించాల్సొస్తుంది. వాడికంత కష్టం ఎందుకులే’ అన్నారు.”

అచ్చంగా అక్క మాటే. నవ్వు రావాల్సిన చోట నాకు ఒళ్ళు మండింది. నాకు రావాల్సిన మాటని ఇంకో ఇంటి గుమ్మంలో చెప్పుకుని, అన్నం తిని, నోరు కడుక్కుని వచ్చింది. వాళ్ళు క్షమించారు. పిల్లలకి తాతయ్యలయ్యారు. నేనొక్కణ్ణే గుడివాడలో నా కోపాన్ని మరకపడకుండా కాపాడుకుంటూ కూర్చున్నాను. నా వాళ్ళందరూ కలిసి నాకు తెలియకుండా రెండో రోజు పండగ చేసుకున్నారు. ద్రోహం ఒకసారే జరిగిందనుకున్నాను. ఏటా జరిగింది.

మర్నాడు సమాధుల తోటలో, ఆనాడు ప్రశ్న అడిగిన పెద్దాయనే చేతికర్ర పట్టుకుని నాలుగు మాటలు మాట్లాడాడు. ఈ తల్లి తన ఇంటి తలుపు ఎవరికీ మూయలేదు అన్నాడు. నిజమే. మూసింది తన ఇంటిది కాదు, ఈ తోటది. ఆయన వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయనకి నేనెవరో గుర్తులేదు. తీర్చుకోవాల్సిన కక్ష గుర్తులేనివాడి మీద ఎలా తీర్చుకోవాలి?

పెట్టె దింపారు. బావ పక్కనే, ఆవిడ చూపించిన చోటే. పాస్టరు అయ్యగారు వాక్యం చదివారు. అందరూ వరసగా వచ్చి గుప్పెడు మట్టి వేస్తున్నారు. అప్పుడు బావమరిది జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. భుజం మీద రొయ్యల మేత సంచి. బరువుకి ఒక పక్కకి ఒరిగి నడుస్తున్నాడు. సంచి మూతి విప్పుతుంటే పెద్దాయన కర్ర అడ్డం పెట్టాడు.

“ఏంటయ్యా అది?”

“ఇసకండి.”

“ఇసకెందుకిక్కడ?”

“అక్కగారే తెమ్మన్నారండి. పోయిన పండగకి వచ్చినప్పుడు నాచేత మాట తీసుకున్నారు. పాలకాయతిప్పదండి. మా అక్కని కలిపిన చోటిది. పొద్దున్నే వెళ్ళి తెచ్చా.”

పెద్దాయన అయ్యగారి వైపు చూశాడు. ఈ అయ్యగారు కొత్తగా వచ్చిన కుర్రాడు. వేలు పెట్టుకున్న పేజీ వైపు చూశాడు. మా మేనకోడలు ముందుకొచ్చి, “పొయ్యండి బాబాయ్,” అంది. పెద్దాయన కర్ర తీశాడు.

ఇసక ఒక్కసారిగా పడలేదు. తడిగా ఉంది. సంచి అడుగు పట్టుకుని దులిపితే ముద్దలు ముద్దలుగా పడింది. పెట్టె మీద, పెట్టె పక్కన అక్క మా ఆవిడకి ఇస్తానన్న వైపున పరుచుకుంది. సంఘం ఒప్పుకోని మనిషిని అక్క తన గోతిలోకి తీసుకెళ్ళింది. నన్ను అడగలేదు. నా భార్య పక్కన చోటు కూడా తనే తీసుకుంది. నాకు ఆ తోటలో ఇప్పుడు చివరి చోటు కూడా అక్కర్లేదు, సముద్రం దగ్గర కూడా ఆమె పూర్తిగా లేదు. థాంక్స్ చెప్పాలో, తిట్టాలో ఆవిడ ఎప్పుడూ నాకు తేల్చి చెప్పలేదు. ఇప్పుడు ఇంక చెప్పదు.

అందరూ వెళ్ళారు. తవ్వేవాళ్ళు పారలు నేలకి ఆనించి నా కోసం ఆగారు. మట్టి వెయ్యనిది నేనొక్కణ్ణే. గుప్పెట్లో నల్లమట్టి పట్టుకునే ఉన్నాను. ఆ ఇసకని కప్పెయ్యడానికి చెయ్యి రాలేదు. కింద ఆ ఇసక మీద ఎండ పడుతోంది. అంచుల దగ్గర మొదలై, నెమ్మదిగా లోపలివైపుకి తడి ఆరుతూ తెల్లబడుతోంది.