రాయికి ఎడమ పక్క

శాసనాల అచ్చు తీయడంలో చిన్నబ్బను మించినవాడు చుట్టుపక్కల లేడని అనేవాళ్ళు. ఆ మాట వినబడగానే ఆయన తల దించుకునేవాడు. ఎంత వినయమో అని మెచ్చుకునేవాళ్ళు జనం. వినయమూ లేదు, పాడూ లేదు. ఆ పొగడ్త ఆయనకు ముల్లులా గుచ్చుకునేది.

తిరుపతిలో పాత రాతల మీద పరిశోధన చేసే ఒక ఆఫీసులో అటెండరుగా చేరాడు చిన్నబ్బ. చదివింది ఐదో తరగతి. రాళ్ళ మీది పాత లిపి ఒక్క ముక్క చదవలేడు. చేతులు మాత్రం బంగారం. రాయిని కడిగి, తడిపిన కాగితం పరిచి, గట్టి కుంచెతో కొట్టి కొట్టి ప్రతి గాడిలోకీ కాగితాన్ని దింపేవాడు. తడి ఆరీ ఆరకముందే సిరా ముంచిన గుడ్డ ఉండతో పైపైన తట్టేవాడు. నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్కటే తేలుతుంటే, చదవడం వచ్చినవాళ్ళు కూడా నోరు తెరుచుకుని చూసేవాళ్ళు. రాయి మీద ఇంకా రాతలున్నాయేమోనని ఎవరైనా అనుమానం వెలిబుచ్చితే, ఆఫీసుకు పెద్దయిన ప్రొఫెసరుగారు ఒక్కటే అనేవారు: "చిన్నబ్బ లేవంటే లేవబ్బా!"

ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. నడి వేసవి. పలమనేరు పోయే కనుమదారిలో, పాత బండిబాట పక్కన ఒక నిలువెత్తు రాయి ఉందని తెలిసి, ప్రొఫెసరుగారు చిన్నబ్బను ఒక్కడినే పంపారు. సంచిలో మిగిలిన కాగితాలు రెండే. మొదటిది పరిచి, మేకలు తోలుకొచ్చిన ముసలాయనతో వానల గురించి, వియ్యంకుల గురించి కబుర్లలో పడ్డాడు. అంతలో కాగితం ఎండి, పెళుసుబారి, నిలువునా చీలింది. రెండోదానితో ముందువైపు అచ్చు తీశాడు. ఇరవై ఒక్క వరుసలు. చివరిది సగం మట్టిలో ఉండి మసకగా పడింది.

సామాను సర్దుకుంటూ, ఊరికే అన్నట్టు, ఎడమ పక్కన బ్రష్షుతో రెండుసార్లు రుద్దాడు. మట్టి పెళ్ళ ఊడిపడింది. కింద రాతలు!

తెలుగు కాదు. అరవమూ కాదు. వంపులు వంపులుగా, పైనా కిందా చుక్కలతో, నాలుగు వరుసలు. తిరుపతిలో రోజూ దాటిపోయే మసీదు గుమ్మం మీది రాతలాగా ఉంది. బొటనవేలు పెట్టి నాలుగు వరుసలూ తడిమాడు. గాట్లు నిన్న చెక్కినంత పదునుగా ఉన్నాయి. సంచిలో చూస్తే కాగితం లేదు. ఎండ మాడు పగలగొడుతోంది. బస్సెక్కాలంటే ఐదు మైళ్ళు నడవాలి.

సోమవారం ఆఫీసులో రిజిస్టరు తెరిచాడు. 'పక్కల రాతలు' అనే గడి ఉంది. ఉన్నాయని రాస్తే మళ్ళీ ఆ ఎండలో ఆ మూట మోసుకుంటూ పోవాలి. మొదటి కాగితం ఏమైందంటే మేకలాయన కథ చెప్పాలి. 'రాయి యాడికి పోతాది, సలికాలంలో పోయి తీస్కొస్తాంలే' అనుకున్నాడు. గడిలో 'లేవు' అని రాశాడు.

చలికాలంలో నిజంగానే వెళ్ళాడు, పాపం. అక్కడ రాయి లేదు. రోడ్డు వెడల్పు చేశారు. నాలుగైదు వందల ఏళ్ళు ఎండకూ వానకూ చెక్కుచెదరని రాయిని మిషను ఒక్క పూటలో కంకర చేసింది. చిన్నబ్బ ఆ కంకర గుట్ట మీద కూలబడి, ఒక్కో ముక్కా తిప్పి చూశాడు. ఒక్క చుక్క కూడా దొరకలేదు. తిరిగొచ్చి ఎవరికీ చెప్పలేదు.

మరుసటి ఏడాది ప్రొఫెసరుగారి పుస్తకం వచ్చింది. సముద్రం దాటి గుర్రాలు తెచ్చిన పరదేశి వర్తకులు రేవుల్లోనే అమ్మేసి వెళ్ళిపోయారనీ, కనుమ ఎక్కించింది మనవాళ్ళేననీ అందులో రాశారు. వాళ్ళే వచ్చి ఉంటే ఒక్క గుర్తయినా వదలరా అని అడిగారు. పుస్తకం మొదట్లో చిన్నబ్బకు కృతజ్ఞతలు చెప్పారు. చిన్నబ్బ భార్య పంకజాక్షి ఆ పుస్తకాన్ని పసుపు గుడ్డలో చుట్టి బీరువా మీద పెట్టింది. ప్రొఫెసరుగారు పోయిన రోజు, ఆయన కాళ్ళ దగ్గర నిలబడి, చిన్నబ్బ నోరు తెరిచాడు. చెప్పకుండానే దండం పెట్టి వచ్చేశాడు. సిగ్గుతో కుంగిపోయాడు.

మొన్న, రిటైరైన చిన్నబ్బ ఇంటికి భానుశ్రీ వచ్చింది. అదే ఆఫీసులో కొత్తగా చేరిన పరిశోధకురాలు. ల్యాప్‌టాప్ తెరిచి ఆయన తీసిన అచ్చు చూపించింది.

"తాతా, మసగ్గా ఉండే కడాకరి లైను ఇప్పుడు పెద్దది చేసి చదివినాను. గుర్రాలకూ మనుషులకూ నీళ్ళ తొట్టి కట్టించినామని పైన ఉండాది కదా. దాని కింద, ఈ మాటా, మా పేర్లూ ఎడమ పక్క మా భాషలో చెక్కించినాము అని ఉండాది. మీరేమో పక్కల లేవని రాసినారు. చెక్కించాలనుకొని, చెక్కించకనే పోయినారేమో. అట్లని రాసేదా?"

పంకజాక్షి కాఫీ గ్లాసులు పెడుతూ అందుకుంది. "ఆయన లేవంటే లేవు పాపా. పెద్ద సారే అనేవాడు."

ఊ అంటే చాలు, అంతటితో అయిపోయేది. చిన్నబ్బ గ్లాసు ముట్టలేదు.

"ఉండినాయి పాపా," అన్నాడు. "నాలుగు వరుసలు. నేను సూసినాను. కాగితం లేక, ఎండకు బద్ధకమేసి, లేవని రాసేసినాను."

పంకజాక్షి చేయి గాల్లోనే ఆగిపోయింది. భానుశ్రీ ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టింది.

"ఇంకెవరన్నా చూసినారా?"

"నేనొక్కన్నే."

ఆమె నోటుబుక్కు ఆయన ముందుకు తోసింది. "గుర్తుండేకాడికి గీయండి తాతా. ఒక్క వంపైనా చాలు."

చిన్నబ్బ పెన్ను పట్టాడు. ఒక వంపు పడింది. దాని మీద చుక్క. ఇంకో వంపు. చేయి చురుగ్గా సాగింది. భానుశ్రీ ముఖం వికసించింది. ఆ ముఖం చూసి ఆయన పెన్ను ఆపాడు. ఈ గీస్తున్నది రాయి మీదిది కాదు, రోజూ చూసే మసీదు గుమ్మం మీదిది. ఉన్నదాన్ని లేదన్నది చాలక, ఇప్పుడు లేనిదాన్ని ఉందంటున్నాడు!

గీసినదంతా కొట్టేశాడు. కింద తన ఐదో తరగతి రాతలో మెల్లగా రాశాడు: 'ఎడమ పక్క నాలుగు వరుసలు ఉండినాయి. నేను చూసినాను. అచ్చు తీయలేదు. లేవని అబద్ధం రాసినాను. ఏముండిందో చెప్పలేను.' సంతకం పెట్టి నోటుబుక్కు ఆమెకిచ్చాడు.

పంకజాక్షి బీరువా వైపు చూసి, చూపు తిప్పుకుంది.

"వాళ్ళ పేర్లుంటాయి తాతా అందులో," అంది భానుశ్రీ. ఆమె గొంతులో కోపం లేదు, అదే ఆయనకు భరించరానిదైంది. "ఏ ఊరినుంచి వచ్చినారో, ఎవరి బిడ్డలో, అంతా ఉంటాది."

చిన్నబ్బ తన కుడి చేతి బొటనవేలు చూసుకున్నాడు.

"దీని కిందనే ఉండినారు పాపా, అందరూ," అన్నాడు.