కెమిస్ట్రీ ల్యాబ్ గుమ్మంలో మా లెక్కల సార్

నిన్న పొద్దున్న అమలాపురం బస్సులో ఉండగా క్లాస్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. జయపాల్ సార్ చనిపోయారని.

ఏ జయపాల్ సార్ అని టైప్ చేశాను.

మా కాలేజీలో ఆ పేరుతో ఇంకెవరూ లేరు. తెలిసే అడిగాను. ఇంకెవరో అయితే బావుండునని.

గుండెపోటట. వాకింగ్‌కి బయల్దేరబోతూ, చెప్పులేసుకుంటూ కూలబడిపోయారట.

ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది భయం. అది ఇంకా పోలేదు.

సార్ తెలియనివాళ్ళకి చెప్తాను. ఆయన మాకు లెక్కలు చెప్పేవారు. ఫస్ట్ ఇయర్‌లో చేరగానే మా కాలేజీలో కొంతమంది పిల్లల్ని ఒక్కో లెక్చరర్‌కి అప్పగిస్తారు. మెంటర్ అంటారు. అటెండెన్స్ తగ్గినా, మార్కులు తగ్గినా, ఊరికే మొహం వేలాడేసుకున్నా ఆ మెంటర్ పిలిచి అడుగుతారు. నాకు జయపాల్ సార్ పడ్డారు.

మొదట్లో ఆయనంటే హడల్. నవ్వరు. అరవరు కూడా. తప్పు చేసినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, స్పీకర్ ఆన్ చేసి మరీ వాళ్ళ నాన్నకి ఫోన్ కలుపుతారని సీనియర్లు చెప్పారు.

ఇక నా గొడవ.

మాది ఓడలరేవు వైపు. ఊరి పక్కనుంచే గ్యాస్ లైన్లు. నా చిన్నప్పుడు ఓసారి లీకైందని ఊరు ఊరంతా పొయ్యిలు ఆర్పేసి కట్టుబట్టలతో రోడ్డెక్కాం. చివరికి ఏమీ కాలేదు. కానీ అమ్మ నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తే. ఆ వాసన వస్తే స్విచ్ ముట్టుకోకూడదు, బండి స్టార్ట్ చెయ్యకూడదు. మా ఊరి పిల్లలకి అఆల కంటే ముందు వచ్చే పాఠం అది.

మొదటి కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఎవరో బర్నర్ ట్యాప్ తిప్పేసి, తీరిగ్గా అగ్గిపెట్టె వెతుక్కుంటున్నారు. వాసన నా ముక్కుకి తగిలింది.

అంతే. ఫ్యాన్ స్విచ్ మీద చెయ్యి వేసిన అమ్మాయిని ఇవతలికి లాగిపారేశాను. అందరూ బయటికి పదండని కేకపెట్టి గేటు దాకా ఒకటే పరుగు. అక్కడితో ఆగినా పరువు దక్కేది. గేటు దగ్గరున్న కాలేజీ బస్సు డ్రైవర్ గారికి చేతులు జోడించి, ఇంజను స్టార్ట్ చెయ్యొద్దని బతిమాలాను.

మర్నాటికల్లా నా పేరు సైరన్.

ఆ తర్వాత ల్యాబ్ ఉన్న ప్రతి మంగళవారం నాకు కడుపునొప్పే. ల్యాబ్ అటెండెన్స్ లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. ఫస్ట్ ఇయర్‌లోనే తప్పితే ఇక చదువు లేదు, రొయ్యల ఫ్యాక్టరీలో పనికి పోవడమేనని నాన్న చేర్చినప్పుడే చెప్పేశారు. వెళ్తే ఒక భయం, వెళ్ళకపోతే ఇంకో భయం.

ఓ రోజు సార్ పిలిచారు. బల్ల మీద ఫోన్ ఉంది. ఇక నాన్నకి కలిపేస్తారనుకున్నాను.

ఆయన ఫోన్ ముట్టుకోలేదు. వాసన వస్తే మీ ఊళ్ళో ఏం చేస్తారని అడిగారు. గాలి ఎటు వీస్తుందో చూసుకుంటారా, ముందు పిల్లల్ని పంపిస్తారా, ముసలివాళ్ళనా అని అడిగారు. నేను ఏడుస్తూ అన్నీ చెప్పాను. బస్సు డ్రైవర్ సంగతి చెప్పినప్పుడు కూడా ఆయన నవ్వలేదు.

అంతా విని అన్నారు. "మంగళవారం నేనొచ్చి గుమ్మం దగ్గర నించుంటానమ్మా. నువ్వు లోపల పని చేసుకో. ఏదైనా అయితే ముందు పరిగెత్తేది నేనే, ఆయ్."

జోక్ అనుకున్నాను.

నిజంగానే వచ్చారు. ప్రతి మంగళవారం. లెక్కల సార్‌కి కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఏం పనని ఒకటే గుసగుసలు. లోపలికి రమ్మంటే వచ్చేవారు కాదు. కుర్చీ వేస్తే కూర్చునేవారు కాదు. మొదట్లో నా బర్నర్ కూడా పక్కమ్మాయే వెలిగించేది. ఓ రోజు అరపెట్టె అగ్గిపుల్లలు తగలేసి నేనే వెలిగించాను. గొప్పగా వెనక్కి తిరిగి చూస్తే, సార్ తలుపు చట్రాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నారు. మొహమంతా చెమట. ఉక్కపోత కాబోలు అనుకున్నాను.

నిన్న అందరం వాళ్ళింటికి వెళ్ళాం. సార్ వాళ్ళ మిసెస్, ఆంటీ గారు, నాది ఏ ఊరో అడిగి పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఆ గ్యాస్ భయం అమ్మాయివి నువ్వేనా అన్నారు. అవునన్నాను.

"మంగళవారం వస్తే ఈయన టిఫిన్ ముట్టేవారు కాదమ్మా. మా ఇంట్లో సిలిండర్ లేదు, చూడు, కరెంటు పొయ్యే. చిన్నప్పుడు వాళ్ళింట్లో సిలిండర్ అంటుకుంది. వాళ్ళమ్మగారు లోపలున్నారు. ఈయన గుమ్మంలోనే ఉండిపోయేరంట, లోపలికెళ్ళలేక."

ఆవిడ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చున్నాను.

వచ్చే వారం ప్రాక్టికల్స్. ఎవరో కొత్త ఎగ్జామినర్ వస్తారు. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఎవరూ ఉండరు. అది తలచుకుని ఈ పోస్ట్ టైప్ చెయ్యడం ఎన్నిసార్లు ఆపేసి మళ్ళీ మొదలుపెట్టానో.

భయపడకు అని మీరు ఒక్కసారి కూడా అనలేదు సార్. మీరే భయపడుతూ వచ్చి నా కోసం నించున్నారు. నేనూ భయపడుతూనే వెళ్తాను. కానీ వెళ్తాను.

ఇక సెలవు సార్. ఏ వాసనకీ ఉలిక్కిపడక్కర్లేని చోట, మీ అమ్మగారి పక్కన, హాయిగా కూర్చోండి.